మామ్మ కట్టిన పీత

మొన్న ఆదివారం మా అబ్బాయి బజారు నుంచి పీతలు తెచ్చాడు. ఒక్కోదానికీ నీలం రంగు ప్లాస్టిక్ తాడు బిగించి ఉంది. తాళ్ళు విప్పి కడుగుదామని పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాను. ఎంతసేపు లాగినా నా వేళ్ళు జారిపోతున్నాయి తప్ప ముడి రావడం లేదు. ఈ మధ్య అంతే. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది, పచ్చడి సీసా మూత తియ్యాలంటే పెద్ద యుద్ధం. సరే, కత్తెరతో కోద్దామని పీతలున్న గిన్నె పట్టుకుని లేచాను. అది చేతిలోంచి జారి గచ్చు మీద పడి ముక్కలైంది. మా కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న పింగాణీ గిన్నె అది. చేతికి అందింది కదా అని అందులో పీతలు పోసుకున్నాను, నా బుద్ధి!

చప్పుడు విని కోడలు పరిగెత్తుకొచ్చేసరికి నా మనవరాలు ఆ ముక్కల పక్కన నిలబడి ఉంది. దానికి తొమ్మిదేళ్ళు. "నేనేనమ్మా, నా చెయ్యి తగిలింది" అంది, ఎవరూ అడక్కుండానే. కోడలు దాన్ని చెడామడా తిట్టింది. నేను అక్కడే ఉన్నాను, పీతల వంక చూస్తూ.

ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. కిందటి నెలలో కాగిన పాలు ఒలకబోశాను. "ఇంకోసారి ఇలా అయితే నువ్వు వంటింట్లోకి రావద్దమ్మా" అన్నాడు మా వాడు, ప్రేమగానే. వంటిల్లు కాకపోతే ఈ ఇంట్లో నేను ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదు. ఆ మాట అన్నప్పుడు మనవరాలు అక్కడే ఉంది. అందుకే అది అబద్ధమాడింది, అందుకే నేను ఊరుకున్నాను. మూడు రోజులైంది, అన్నం సయించడం లేదు. ఒకప్పుడు ఆ పిల్ల చోట నేనున్నాను.

నాన్న కొబ్బరికాయల వ్యాపారం పెట్టుకుని అమలాపురం పక్కకి వచ్చేశారు గానీ మా అసలు ఇల్లు అంతర్వేది దగ్గర, గోదారి సముద్రంలో కలిసే చోట. పెదనాన్న, పెద్దమ్మ అక్కడే ఉండేవారు, తాతల నాటి నావనీ వలల్నీ పట్టుకుని. క్రిస్మస్ సెలవులు ఇచ్చిన మర్నాడే మేం అక్కడ వాలిపోయేవాళ్ళం. బస్సు దిగి ఇసక దారిన నడుస్తుంటే ముందు ఎండుచేపల వాసన వచ్చేది, తర్వాత ఉప్పుగాలి, ఆ తర్వాత పెద్దమ్మ పొయ్యిలో కాలే కొబ్బరి డొక్కల పొగ. ఆ పొగ తగిలిందంటే ఇల్లు వచ్చేసినట్టే. గుమ్మం ఎక్కగానే పెద్దమ్మ నా గౌను ఒడిలో ఉడికించిన తేగలు పోసేది. చల్లారకముందే చీల్చి, లోపల చందమామ అనే లేత మొలక కోసం వేళ్ళు కాల్చుకునేదాన్ని.

సెలవుల్లో అమావాస్యకి అటో ఇటో ఒక రోజు చూసుకుని పీతలకి వెళ్ళేవాళ్ళం. పున్నమి పీత గుల్ల, అమావాస్య పీత కండ అని మా వాళ్ళ నమ్మకం. నిజమో కాదో చెప్పలేను, పున్నమికి వెళ్ళి చూసినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు.

నావలో నలుగురికే చోటు. వెనక నిలబడి పెదనాన్న గెడతో నావ నడిపేవారు. ముందు వైపు నాన్న వలలు ఎత్తేవారు. మధ్యలో మామ్మ, అంటే మాతోనే ఉండే నాన్నగారి అమ్మ, పీతల్ని కట్టేది. నాలుగో చోటు పిల్లల్లో ఒకరికి. ఆ ఏడు నా వంతు వచ్చింది. నాకు పదేళ్ళు.

పీతని పట్టడం ఎవరైనా పడతారు, కట్టడంలోనే ఉంది పనితనం. కట్టకుండా గంపలో వేస్తే ఒకదాని కాళ్ళు ఒకటి విరిచి పారేస్తాయి. మామ్మ ఎడమ అరచేత్తో పీత వీపు నొక్కిపెట్టి, నాన్చిన అరటి నార పెద్దకాళ్ళ ముందు నుంచి తిప్పి, పొట్ట కిందకి పోనిచ్చి, వెనక ముడి వేసేది. మనం చూద్దామని వంగేలోపే అయిపోయేది. మామ్మ కట్టిన పీత పొయ్యెక్కేదాకా కిక్కురుమనదని రేవులో చెప్పుకునేవారు. ఆవిడ ఆ మాట విననట్టు నటించేది, కానీ రెండు రోజులు నడకలో తేడా కనపడేది.

ఆవిడకి ఒక పట్టింపు ఉండేది. పొట్ట కింద గుడ్లున్న ఆడపీత దొరికితే కట్టకుండానే వదిలెయ్యాలి. కట్టిన పీత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నీళ్ళలో పడకూడదు. "కాళ్ళు కట్టేసిన పీత నీళ్ళలో పడితే తినలేదు, పారిపోలేదు. మనకీ దక్కదు, ఏటికీ దక్కదు. అంతకంటే పాపం లేదే" అనేది.

ఆ ఏడాది వానాకాలంలో మామ్మ నూతి దగ్గర జారి పడింది. కుడి మణికట్టు వాచిపోయి నెల్లాళ్ళు పసరు కట్టుతో ఉంది. వాపు తగ్గింది, అంతా బాగానే ఉందని అందరం అనుకున్నాం. అయినా పెదనాన్న ఇంటి అరుగు మీద నాన్న ఆ మాట ఎత్తనే ఎత్తారు.

"ఈసారి నువ్వు నావ ఎక్కడం లేదమ్మా."

"మరి పీతల్ని ఎవరు కడతారు? మీ మావగారా?" అంది మామ్మ.

మా తాతగారు, అంటే అమ్మ తండ్రి, పీతని చూస్తే మంచమెక్కే మనిషి. పెదనాన్న పగలబడి నవ్వారు. "రానీరా తమ్ముడూ. ఏడాదికి ఒక్కసారి కదా ఆవిడ ఏటి మొహం చూసేది" అన్నారు.

నాన్న, "సరే. ఈసారి ఏ చిన్న తేడా వచ్చినా, వచ్చే ఏడు నావ మాట ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?" అన్నారు.

"ఆయ్, అలాగేనండి బాబుగారూ" అంది మామ్మ, దీర్ఘం తీస్తూ.

పక్కన అంట్లు తోముతున్న పెద్దమ్మ, "తెచ్చినవన్నీ శుభ్రం చేసి వండేది ఎవరో మాత్రం ఎవరూ అడగరు. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అంది. అందరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు. కుడిచేతిని కొంగు కింద పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు నన్ను పెరట్లోకి, కొబ్బరి మట్టలు పేర్చిన చోటికి పిలిచింది. ఒక కొబ్బరి డొక్కకి రెండు పుల్లలు గుచ్చి నా ముందు పెట్టింది.

"ఇదే పీత. కట్టు" అంది.

రెండు రోజులు అదే పని. నార ఎక్కడ తిప్పాలో, ఎక్కడ బొటనవేలు ఆన్చాలో, కొస ఎంత వదలాలో చెప్పింది. తను మాత్రం నార ముట్టుకోలేదు. "నా ముడికి రెండు మెలికలు పడుతున్నాయి మామ్మా, నీకు ఒకటే పడుతుంది" అంటే, "నీ చెయ్యి చిన్నది, రెండే వేసుకో" అంది.

"ఎవరికీ చెప్పకు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, నాకు తెలుసు."

"ఎందుకు చెప్పకూడదు?"

"అడిగింది చాలు గానీ, కట్టు."

చెప్పలేదు గానీ, విద్య వచ్చాక చేతులు ఊరుకుంటాయా? మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద గుర్రు పెడుతున్న పెదనాన్న కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి అరటి నారతో కట్టేశాను. ఆయన లేచి ఒక్క అడుగు వేసి ధాన్యం బస్తాల మీద బోర్లా పడ్డారు. నేను తలుపు వెనక దాక్కున్నాను. ఆయన కూర్చుని, ముడిని తిప్పి తిప్పి చూసి, "రెండు మెలికలు! గట్టిదే" అనుకుంటూ విప్పుకున్నారు.

పీతలకి వెళ్ళిన పొద్దున్న మంచు ఎంత దట్టంగా ఉందంటే, నావలో కూర్చుంటే ముందున్న నాన్న వీపు మాత్రమే కనిపించింది. అరిటాకులో చద్దన్నం, ఆవకాయ ముద్ద కట్టించుకుని బయల్దేరాం. నీరు సముద్రంలోకి తీస్తున్న వేళ. మడ చెట్ల వేళ్ళు బురదలోంచి పైకి తేలి ఉన్నాయి. ఆ బురద వాసన, ఎరకి తెచ్చిన చేపతలల కుళ్ళు వాసన కలిసిపోయి ముక్కు పగిలిపోయేది. పది నిమిషాలయ్యాక అలవాటైపోయేది, ఆ ముక్కుతోనే ఆవకాయ అన్నం కూడా తినేవాళ్ళం.

ఇనప చువ్వని గుండ్రంగా వంచి అల్లిన చిన్న వలలు, మధ్యలో చేపతల కట్టి, పాయ పొడుగునా దింపుకుంటూ వెళ్ళాం. తిరిగి వస్తూ ఒక్కొక్కటే ఎత్తడం. మొదటి వలలోనే రెండు పీతలు. నాన్న వాటిని మామ్మ ముందు పళ్ళెంలోకి దులిపి మళ్ళీ ముందుకి తిరిగారు.

మామ్మ నన్ను తన వైపు తిప్పుకుని, నా మోకాళ్ళకి తన మోకాళ్ళు ఆన్చి కూర్చుంది. ఆవిడ వీపు వెనక పెదనాన్న, నా వీపు వెనక నాన్న. కొంగు ముందుకి లాగి ఒడి మీద కప్పి, దాని కిందకి పీతని తోసింది. నా చెయ్యి పట్టుకుని కొంగు కిందకి లాక్కుంది. అప్పుడు తగిలాయి ఆవిడ కుడిచేతి వేళ్ళు. నార పట్టుకోబోతే అవి వంగడమే లేదు.

నేను మొహం వంక చూశాను. "కట్టు" అంది, పెదవులతో మాత్రమే.

కట్టాను. చెమటలు పట్టాయి, ఒకటి గౌను అంచు పట్టేసింది, అయినా కట్టాను. ఒకటి, రెండు, ఆరు, పది. నేను కట్టినదాన్ని మామ్మ కొంగు కిందనుంచి తీసి గంపలో వేస్తూ, "ఊఁ, ఇంకోటి" అనేది, తనే కట్టినట్టు. నాకు భయం వేసింది. భయం కన్నా ఎక్కువ గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు.

ఆఖరి వలలో పడింది అసలు పీత. నల్లగా, రెండు అరచేతులంత వెడల్పు. "అమ్మా, ఇది నీదే!" అని నాన్న ఇటు తిరిగారు. పెదనాన్న గెడ ఆపి ముందుకి వంగారు. ఇద్దరు కొడుకులూ తల్లి చేతుల వంకే చూస్తున్నారు. కొంగు కింద దాచడానికి లేదు.

మామ్మ ఎడమ అరచేత్తో దాని వీపు నొక్కింది. నార తిప్పింది. పళ్ళతో ఒక కొస పట్టి లాగింది. ముడి పడింది. చూడ్డానికి బాగానే ఉంది. "అదీ!" అన్నారు పెదనాన్న. మామ్మ గంపలో వేసి, పైన తడి గోనెపట్టా కప్పింది. ఆవిడ పై పెదవి మీద చెమట పట్టడం నేనొక్కదాన్నే చూశాను.

రేవు దగ్గర జరిగింది. అక్కడ నీరు నిలువు లోతు. నావని గట్టుకి ఆనించాక, గంప అందుకుందామని నాన్న గోనెపట్టా కింద చెయ్యి పెట్టారు. ఒక్క కేక పెట్టి చెయ్యి విసిరారు. ఆ పెద్ద పీత బొటనవేలికి వేలాడుతోంది. ఆ విసురుకి గంప అంచు మీదికి ఒరిగి, బుడుంగుమని నీళ్ళలోకి సగం పీతలు.

"లాగకు! చెయ్యి నీళ్ళలో పెట్టు, అదే వదిలేస్తుంది" అని అరిచింది మామ్మ. నాన్న చెయ్యి ముంచారు. పీత వదిలి వెళ్ళిపోయింది. కట్టు ఊడింది గనక అది బతికింది. నేను కట్టినవి మాత్రం రాళ్ళలాగా అడుక్కి పోయాయి. మామ్మ ఆ నీళ్ళ వంకే చూస్తోంది.

నావ చెక్క మీద ఊడిన నార పడి ఉంది. పెదనాన్న దాన్ని తీసి చూశారు. ఒకే మెలిక. దాన్ని ఏట్లోకి విసిరేశారు. ఆయనకి అప్పుడే తెలిసిపోయిందని నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు.

"అమ్మ కట్టింది ఎలా ఊడింది?" అన్నారు నాన్న, రక్తం కారుతున్న వేలు పట్టుకుని.

మామ్మ మాట్లాడలేదు. ఆవిడ నావ, ఆవిడ ఏడాది అంతా ఆ ఒక్క ప్రశ్న మీద ఉంది.

"నేను" అన్నాను. "మామ్మ వద్దన్నా విప్పి మళ్ళీ నేనే కట్టేను."

నాన్న చేత దెబ్బ తినడం నాకదే మొదటిసారి. చెంప మీద. తర్వాత ఆయన కూడా కంగారుపడ్డారు. దెబ్బ నొప్పి ఎంతసేపు? నేను మామ్మ వంక చూశాను, ఒక్క మాట అంటుందని. ఆవిడ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ మిగిలిన పీతల్ని చింతకాయ వేసి ఇగురు పెట్టింది. ఆ వాసనకి వీధిలో వాళ్ళు కూడా ఏమండీ ఇవాళ పీతలాండీ అని పలకరించి పోయారు. నాన్న పెద్దకాలు ఒకటి పగలగొట్టి కండంతా నా కంచంలో వేశారు. నేను తిన్నాను. కోపంగా ఉన్నా తిన్నాను, పదేళ్ళ పిల్లని. మామ్మ ఆకలి లేదని పెరుగన్నం కూడా ముట్టుకోలేదు. నేను ఆ రాత్రి ఆవిడ పక్కన కాకుండా అమ్మ పక్కన పడుకున్నాను. మామ్మని కొట్టాలన్నంత కోపం వచ్చింది. దాన్ని ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

పొద్దున్నే పెద్దమ్మ దిబ్బరొట్టె వేస్తోంది. నాన్న, పెదనాన్న అరుగు మీద కాఫీ తాగుతున్నారు. మామ్మ మధ్యాహ్నం పులుసుకని కుండలో ఉంచిన పీతల్లో ఒకదాన్ని తెచ్చి, వాళ్ళ ముందు కూర్చుంది. నన్ను కూడా పిలిచింది. దాని కట్టు కొడవలితో కోసేసి, కొత్త నార చేతిలోకి తీసుకుంది.

కట్టబోయింది. నార వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ జారింది. మూడోసారి పీత అరచేతి కిందనుంచి తప్పించుకుని అరుగంతా పరిగెత్తింది. పెదనాన్న కాలు అడ్డంపెట్టి ఆపారు.

"చూసేరుగా" అంది మామ్మ. "ఇదీ నా చెయ్యి. నిన్న ఊడిన ముడి నాది. ఊడనివన్నీ దీనివి. దెబ్బ మాత్రం ఇది తింది. నేను నోరు మూసుకు కూచున్నాను."

నాన్న మెల్లిగా, "ముందే చెప్తే సరిపోయేది కదమ్మా" అన్నారు.

"చెప్తే నావ ఎక్కనిచ్చేవాడివా?"

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"వచ్చే ఏడు కూడా రా అమ్మా. కట్టక్కర్లేదు, ఊరికే కూచో" అన్నారు పెదనాన్న.

"ఊరికే కూచోడానికి నావెందుకురా, మంచం చాలదూ? నా చోటు దీనికివ్వండి."

నాకు ఏడుపొచ్చింది. నావలో ఎప్పటికీ చోటు దొరికిందన్న సంతోషం ఒక్క పిసరు కూడా లేదు. మామ్మ తన పనిచెయ్యని చేత్తో నా చెంప నిమిరింది.

"నా కోసం అబద్ధమాడకే ఇంకెప్పుడూ" అంది. "నువ్వు అబద్ధమాడితే నేను నిన్ను ఇంకే సాయమూ అడగలేను. అడగనియ్యి నన్ను."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. తలూపాను, అంతే.

తర్వాత నాలుగు శీతాకాలాలు నేనే కట్టాను. మామ్మ రేవులో బోర్లించిన పాత పడవ మీద శాలువా కప్పుకుని కూర్చునేది. గంప దిగగానే ఒక్కో పీతనీ ఎత్తించి, ముడిలోకి వేలు దూర్చి చూసేది. వదులుగా ఉంటే ఊరుకునేది కాదు, నలుగురిలో తిట్టేది. అయిదో ఏడు ఆ పడవ మీద ఎవరూ లేరు. నేను కట్టి తెచ్చిన పీతల్ని ఎవరికి చూపించాలో తెలియక గంప పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ పాయ ఇప్పుడు అలా లేదు. సగం మడ చెట్లు కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వారు. చెరువు గట్టు మీద పొద్దస్తమానం మోటార్ల చప్పుడు. అరటి నారతో పీతని కట్టగలిగిన మనిషి ఆ రేవులో ఒక్కరైనా ఉన్నారో లేదో. నేనున్నాను అనేదాన్ని మొన్నటి దాకా. ఇప్పుడు ప్లాస్టిక్ ముడి కూడా విప్పలేకపోయాను.

ఇన్నాళ్ళూ నా జ్ఞాపకంలో నాన్న దెబ్బ ఉంది, మామ్మ మౌనం ఉంది, నా త్యాగం ఉంది. ఆవిడ నీళ్ళ వంక చూస్తూ ఎంత బాధ పడి ఉంటుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. మొన్న నేనూ పీతల వంక చూస్తూ ఊరుకున్నాకే తెలిసింది. మామ్మకి ఒక్క రాత్రి పట్టింది. నాకు మూడు రోజులు పట్టింది.

ఇవాళ సాయంత్రం అబ్బాయి, కోడలు ఇద్దరూ వంటింట్లో ఉండగా వెళ్ళి చెప్పాను. "గిన్నె పడేసింది నేను. పిల్ల కాదు. నా వేళ్ళలో పట్టు పోయి చాలా రోజులైంది" అన్నాను. మా వాడు నా చేతులు పట్టుకుని చూశాడు. కోడలు, "అయ్యో, ఒక్క మాట చెప్పొచ్చు కదండీ అత్తయ్యగారూ" అని కూతురి వైపు తిరిగింది. ఆ పిల్ల, రహస్యం బయటపడిందని, గుమ్మంలో బెదురుగా నిలబడి ఉంది.

ఇంక నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తారో లేదో తెలియదు. అలమర లోంచి చింతకాయ పచ్చడి సీసా తీసి రెండు చేతులతో గుండెకి ఆన్చి పట్టుకున్నాను.

"ఇలా రావే" అన్నాను మనవరాలితో, అందరి ముందూ. "దీని మూత నాకు రావడం లేదు. తీసి పెట్టు."